జుమ్మనే బేస్ గిటార్: రాగి టేపు కొనేముందు

ప్రశ్న: అన్నా, మాది గాజువాక. మా చర్చిలో ఆదివారం ఆరాధనకి బేస్ వాయిస్తాను. పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రావాళ్లు పిలిస్తే వెళ్తాను. నాది జాజ్ బేస్ మోడల్లో వచ్చిన చవక గిటార్, రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కంపాన్ని పట్టే ముక్కలు). ఇంట్లో వాయిస్తే కాస్త జుమ్మంటుంది. చర్చిలో అయితే పాటకీ పాటకీ మధ్య ప్రార్థన జరిగేటప్పుడు ఆ రొద హాలంతా వినిపిస్తుంది. పాస్టర్‌గారు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. లోపలంతా రాగి టేపు అతికిస్తే మొత్తం పోతుందని ఫ్రెండ్ ఒకడు అంటున్నాడు. సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే ఆయనేమో యాంప్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ను తీసేస్తే చాలన్నాడు. తీసేశాం, కొంచెం తగ్గింది కూడా. గిటార్ విప్పాలంటే భయంగా ఉంది. ఏం చెయ్యమంటావు?

సమాధానం: తమ్ముడూ, గిటార్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ప్లగ్ మార్పించు. ఆదివారం దాకా ఆగకు, ఇవాళే మార్పించు.

మూడు పిన్నుల ప్లగ్‌లో పైన ఉండే లావుపాటి, పొడుగుపాటి పిన్ను ఎర్త్. యాంప్ లోపల ఏ వైరో ఊడి దాని ఇనప డబ్బాకి తగిలితే, ఆ కరెంటు భూమిలోకి పోవడానికి ఉన్న దారి అదొక్కటే. అది తీసేశాక ఆ కరెంటు ఎటు వస్తుందో ఒక్కసారి వెంట నడిచి చూడు. యాంప్ డబ్బా నుంచి కేబుల్ షీల్డ్‌కి (లోపలి వైరు చుట్టూ ఉండే లోహపు అల్లిక), అక్కణ్ణుంచి గిటార్ జాక్‌కి (కేబుల్ దూర్చే కన్నం), జాక్ నుంచి బ్రిడ్జికి (తీగల కింది కొనలు ఆనే ఇనప ముక్క), బ్రిడ్జి నుంచి తీగలకి, తీగల నుంచి నీ వేళ్లకి. కోరస్ పాడటానికి నువ్వు మైక్ మీదికి వంగుతావు. ఆ మైక్ ఇంకో బోర్డు మీద నడిచే మిక్సర్‌కి కలిసి ఉంటుంది, అక్కడ ఎర్త్ బాగానే ఉంటుంది. పెదవి మైక్ జాలీకి తగిలిన క్షణంలో 230 వోల్టులు చేతిలోంచి ఛాతీ మీదుగా దారి చేసుకుంటాయి. ఇది ఊహించి చెప్తున్నది కాదు. స్టోన్ ది క్రోస్ అనే స్కాట్లాండ్ బృందంలో గిటార్ వాయించిన లెస్ హార్వే 1972 మే నెలలో, బ్రిటన్‌లోని స్వాన్సీలో, ఎర్త్ సరిగ్గా లేని మైక్‌ని తాకి వేదిక మీదే ప్రాణాలు వదిలాడు. నువ్వు జాగ్రత్తగా ఉండాలని నిజంగా కోరుకుంటున్నాను. ఆ పిన్ను లేకుండా ఆ యాంప్‌కి గిటార్ పెట్టకు. చర్చి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) ఉందో లేదో కూడా కమిటీవాళ్లని అడుగు. లేకపోతే పెట్టించమని గట్టిగా చెప్పు.

అయితే పిన్ను తీస్తే కొంచెం తగ్గిందన్నావు చూడు, ఆ మాటలో నాకు పనికొచ్చే సమాచారం ఉంది. నీ రొదలో ఒక వాటా అసలు గిటార్‌లోంచి రావడం లేదు. స్టేజీ మీద యాంప్ ఒక సాకెట్లో ఉంటుంది, హాలు చివర మిక్సర్ ఇంకో సాకెట్లో ఉంటుంది. రెండూ తమ తమ ఎర్త్ వైర్లతో భూమికి కలుస్తాయి, మధ్యలో ఆడియో కేబుల్ షీల్డ్‌తో మళ్లీ ఒకదానికొకటి కలుస్తాయి. దాంతో పెద్ద చుట్టు ఏర్పడి, అందులో 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. పిన్ను పీకితే చుట్టు తెగుతుంది కాబట్టి రొద తగ్గుతుంది, దాంతో పాటు నీ రక్షణ కూడా తెగుతుంది. తెగాల్సింది ఆడియో కేబుల్ వైపు. యాంప్ నుంచి మిక్సర్‌కి లైన్ ఇచ్చే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది నొక్కితే షీల్డ్ ఒకవైపు విడిపోతుంది, కరెంటు ఎర్త్ మాత్రం చెక్కుచెదరదు. డీఐ బాక్సు లేకపోతే, మంచి త్రీ పిన్ ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి లాగి మిక్సర్‌కీ యాంప్‌కీ ఒకే చోటి నుంచి కరెంటు ఇచ్చి చూడు.

ఇక నీ అసలు ప్రశ్నకి వస్తాను. రాగి టేపు పనిచేస్తుంది, అయితే ఒక రకం రొద మీదే పనిచేస్తుంది. ఏ రకమో తెలుసుకోకుండా టేపు అతికించి, రొద పోలేదని గిటార్‌నే అమ్మేసుకున్న కుర్రాళ్లని చూశాను. అందుకే ఈ ముక్క కాస్త విడమరిచి రాస్తున్నాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకట్లో ఏమీ తోచక, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న హెడ్‌ఫోన్ యాంప్‌కి నా జాజ్ మోడల్ బేస్ తగిలించాను. బ్రిడ్జి వైపు పికప్ ఒక్కటే పూర్తిగా తెరిచాను. మామూలు రోజుల్లో అలా పెడితే తుమ్మెద చెవిలో దూరినట్టు ఉంటుంది. ఆ రాత్రి నిశ్శబ్దం. తీగ మీద వేలు జరిగే సన్నని రాపిడి తప్ప ఇంకేమీ లేదు. చాలాసేపు అలా వాయించుకుంటూనే ఉన్నాను. తర్వాత ఒక సాయంత్రం అలాగే హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని ఉండగా, చెవిలో ఒక్కసారిగా జుమ్మంది. వీధిలో పిల్లలు కరెంటొచ్చిందని అరవడం ఆ తర్వాత వినపడింది. అదే గిటార్, అదే బ్యాటరీ, అదే కేబుల్. మారిందల్లా గోడల్లో పారే కరెంటు. లేచి ఇల్లంతా తిరిగాను. ఫ్రిజ్ కింది స్టెబిలైజర్ దగ్గరికి వెళ్తే లావుపాటి ఊమ్మనే శబ్దం. హాల్లో తిప్పే రెగ్యులేటర్ ఉన్న ఫ్యాన్ కింద నిలబడితే దోమల గుంపులాగా సన్నగా గీపెట్టే శబ్దం. మొదటిదాని దగ్గర గిటార్‌ని పక్కకి తిప్పితే శబ్దం దాదాపు పోయింది. రెండోదాని దగ్గర ఎంత తిప్పినా పెద్దగా మారలేదు, తీగలు పట్టుకుంటే మాత్రం తగ్గింది.

ఆ రెండింటి తేడా తెలిస్తే నీ పని సగం అయినట్టే. స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చింది అయస్కాంత క్షేత్రం. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని తీగ కదా, దాన్లోంచి మారే అయస్కాంత క్షేత్రం వెళ్తే కరెంటు పుడుతుంది. తీగ కంపాన్ని అది వినేది ఆ సూత్రంతోనే, ట్రాన్స్‌ఫార్మర్‌ని వినేది కూడా ఆ సూత్రంతోనే. ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచి, వైరింగ్ నుంచి వచ్చేది ఎక్కువగా విద్యుత్ క్షేత్రం. అది గాలిలోంచి నీ ఒంటి మీదికీ, పికప్ చుట్టల మీదికీ, గిటార్ లోపలి వైర్ల మీదికీ ఎక్కుతుంది. రాగి డబ్బా కట్టి దాన్ని ఎర్త్ చేస్తే ఈ రెండోది లోపలికి రాలేదు. మైకేల్ ఫారడే 1836లో రేకులు తాపడం చేసిన గది కట్టి నిరూపించింది ఇదే.

మొదటిదాన్ని మాత్రం ఆ రేకు ఆపదు. 50 హెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రం రాగిలోకి వెళ్లి మూడో వంతుకి తగ్గాలంటేనే 9 మిల్లీమీటర్ల పైన మందం కావాలి. నువ్వు కొనే టేపు మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు.

మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం బేస్ వాయించేవాళ్లకి ఇంకో ఇబ్బంది. నీ నాలుగో తీగ మీద మూడో ఫ్రెట్‌లో ఉండే జీ స్వరం 49 హెర్ట్జ్. మొదటి తీగ ఓపెన్‌గా మోగితే 98. రొద 50లోనూ, దాని రెట్టింపు 100లోనూ కూర్చుంటుంది. అంటే జీ శ్రుతిలో పాట ఉన్నప్పుడు రొద నీ స్వరానికి కొద్దిగా పక్కన మోగి, అపశ్రుతి పలికినట్టు వినిపిస్తుంది. మామూలు గిటార్ వాళ్లు టోన్ తగ్గించి తప్పించుకోగలరు. మనం తప్పించుకోలేం, మన స్వరాలున్నదే అక్కడ.

ఇప్పుడు గిటార్ విప్పకుండానే చెయ్యాల్సిన పరీక్షలు. ప్లగ్ బాగు చేయించాకే చెయ్యి. మొదట గిటార్ మీద రెండు వాల్యూమ్‌లూ సున్నాకి తిప్పు. రొద అలాగే ఉంటే అది పికప్‌లది కాదు, కేబులో యాంపో మిక్సర్ లైనో చూసుకోవాలి. గిటార్ కేబుల్ యాంప్ నుంచి పూర్తిగా పీకేసినా ఊమ్మంటుంటే యాంప్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు, దాన్ని మెకానిక్‌కి చూపించు. వాల్యూమ్ సున్నా చేస్తే నిశ్శబ్దం అయిందనుకో, రొద పికప్‌ల నుంచో లోపలి వైరింగ్ నుంచో వస్తోందన్నమాట. అప్పుడు రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా పెంచి విను, తర్వాత ఒక్కటి తగ్గించి విను. జాజ్ బేస్ 1960లో వచ్చినప్పటి నుంచీ దాని పద్ధతి ఇది: రెండు పికప్‌లలో ఒకదాని చుట్టలూ అయస్కాంతమూ రెండోదానికి తిరగేసి ఉంటాయి. రెండూ సమానంగా తెరిస్తే తీగల శబ్దం కలుస్తుంది, బయటి హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకటి తగ్గించిన వెంటనే ఆ తూకం పోతుంది. నీ గిటార్‌లో రెండూ పూర్తిగా పెట్టినా తేడా లేకపోతే, చవక మోడళ్లలో కొన్నింటిలో లాగా రెండూ ఒకే రకం పికప్‌లు వేసి ఉండొచ్చు.

తర్వాత నిలబడిన చోటే నెమ్మదిగా గుండ్రంగా తిరుగు. ఒక చుట్టులో రెండు చోట్ల రొద బాగా తగ్గి, మిగతా చోట్ల పెరిగితే అది అయస్కాంతపు రొద. ఆ వాటా రాగికి లొంగదు.

చివరిది నువ్వే చెప్పావు, తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుందని. చాలామంది దీన్ని గిటార్ లోపం అనుకుని కంగారు పడతారు. నిజానికి నీ ఒళ్లే ఒక పెద్ద యాంటెన్నా, గాలిలోని రొదనంతా పట్టి పికప్ దగ్గరికి తెస్తుంది. తీగ పట్టుకోగానే ఒంటికి ఎర్త్ దొరికి, అదే ఒళ్లు అడ్డుగోడ అవుతుంది. కాబట్టి నీ రొదలో పెద్ద వాటా విద్యుత్ క్షేత్రానిదే. నీ ఫ్రెండ్ చెప్పినట్టు రాగి టేపు నీకు పనికొస్తుంది. తీగలు తాకితే రొద పెరిగేటట్టయితే వేరే మాట, జాక్ దగ్గర వైర్లు తారుమారై ఉండటమో, ఎర్త్ లేకపోవడమో అయి ఉండేది. తీగలు తాకితే మార్పు లేక, జాక్ ఇనుము తాకితే మాత్రం తగ్గితే బ్రిడ్జి వైరు తెగినట్టు.

ఆ బ్రిడ్జి వైరు గురించి విశాఖలో ఉండేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. బ్రిడ్జి కింద సన్నని చిల్లులోంచి ఒక వైరు వస్తుంది. దాని కొన ఒలిచి బ్రిడ్జికీ చెక్కకీ మధ్య అదిమి పెట్టడమే, సోల్డర్ ఉండదు. లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు కిటికీ పక్కన వేలాడిన ఒక బేస్ నా దగ్గరికి వచ్చింది. బ్రిడ్జి ఎత్తి చూస్తే ఆ రాగి పోగులు పచ్చగా చిలుం పట్టి, వేలితో రాస్తే పొడిలా రాలాయి. బ్రిడ్జి అడుగున వైరు ఆనిన చోట తెల్లటి మచ్చ. దానికి రాగి టేపు ఎంత వేసినా దండగే. గరుకు కాగితంతో మచ్చ రుద్ది, వైరు కొత్తగా ఒలిచి, పోగులు విసనకర్రలా విప్పి మళ్లీ బిగించాను. రొద సగం అక్కడే పోయింది. నువ్వు మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి ఒక కొన తీగకి, ఇంకో కొన జాక్ బయటి ఇనుముకి ఆనించు. వెంటనే బీప్ రావాలి. ఆగి ఆగి వచ్చినా, వైరు కదిపితేనే వచ్చినా ముందు బ్రిడ్జి విప్పు.

సరే, టేపు పని. గిటార్ విప్పడానికి భయం వద్దు, జాజ్ మోడల్‌లో ప్రతిదీ పైనుంచే ఊడుతుంది. కావలసినవి: 50 మిల్లీమీటర్ల వెడల్పు రాగి టేపు మూడు నాలుగు మీటర్లు, 40 నుంచి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, స్పిరిట్, పాత ఏటీఎం కార్డు. టేపు కొనేటప్పుడు జిగురు వైపు కూడా కరెంటు పారేది కావాలని అడుగు. జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్ విడిభాగాల కొట్లలో కనుక్కో, దొరక్కపోతే ఆన్‌లైన్లో తెప్పించుకో. ఇంటికి తెచ్చాక రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి మీటరు పెట్టి చూడు. బీప్ వస్తే జిగురు మంచిదే. రాకపోతే ప్రతి అతుకు మీదా చిన్న సోల్డర్ చుక్క వెయ్యాలి. వంటింటి అల్యూమినియం రేకు ఫెవికాల్‌తో అతికిస్తే చాలని చెప్పేవాళ్లుంటారు. ఆ జిగురులోంచి కరెంటు పారదు, అల్యూమినియం మీద మామూలు సోల్డర్ నిలవదు, మన ఉప్పు గాలికి రాగి వైరు తగిలిన చోట తినేస్తుంది. ఆ పొదుపు చెయ్యకు.

తీగలు బాగా వదులు చేసి పక్కకి జరుపు. కంట్రోల్ ప్లేటు, పిక్‌గార్డ్, పికప్‌లు విప్పేముందు లోపలి వైరింగ్‌ని నాలుగు వైపుల నుంచీ ఫోన్లో ఫోటోలు తియ్యి. ఏ పికప్ వైర్లు ఏ పాట్‌కి (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగం), ఏ రంగు ఎక్కడ అన్నది ఫోటోలో స్పష్టంగా కనపడాలి. తర్వాత ఒక పికప్ వైర్లు తారుమారు చేశావంటే రెండూ కలిపినప్పుడు బేస్ పల్చబడిపోతుంది, పైగా కొట్టేసుకోవాల్సిన హమ్ అలాగే మిగిలిపోతుంది. స్క్రూలు వేరు వేరు గిన్నెల్లో వెయ్యి, పికప్ స్క్రూలూ ప్లేటు స్క్రూలూ ఒక పొడుగు కావు.

పికప్‌లూ కంట్రోళ్లూ కూర్చునే గుంటల్లో కొన్నిసార్లు నల్లటి పెయింట్ వేసి ఉంటుంది. దాని మీద మీటరు పెడితే ఎంతో కొంత రెసిస్టెన్స్ చూపిస్తే అది కంపెనీ వేసిన షీల్డింగ్ పెయింటే. చాలా గిటార్లలో ఆ పెయింట్‌ని ఎర్త్‌కి కలపడమే మర్చిపోతారు. అప్పుడది ఉన్నా లేనట్టే. దాని మీదే టేపు వేసుకోవచ్చు.

గుంట లోపల స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వు. టేపు వేసేటప్పుడు ఫ్యాన్ కింద కూర్చుని చేతులు పొడిగా ఉంచుకో. మే నెల ఉక్కలో చెమట చేత్తో పట్టుకుంటే వేలిముద్ర పడిన చోటల్లా కొన్నాళ్లకి రాగి పచ్చబడుతుంది. ముందు అడుగు భాగం, తర్వాత గోడలు. పెద్ద ముక్క ఒకేసారి వెయ్యాలని చూడకు, ముడతలు పడుతుంది. అగ్గిపెట్టె అంత ముక్కలు కోసి, ఒకదాని మీద ఒకటి ఐదు మిల్లీమీటర్లు ఎక్కేలా వేసుకుంటూ పో. మూలల్లో వేలు పెట్టకు, రాగి అంచు బ్లేడులా కోస్తుంది, ఏటీఎం కార్డు మూలతో అదుము. అంచు దగ్గర నాలుగైదు మిల్లీమీటర్ల టేపు గుంట బయటికి, బాడీ పైభాగం మీదికి మడిచి ఉంచు. ఆ చిన్న మడతే కీలకం. కంట్రోల్ ప్లేటు లోహానిదే కాబట్టి అది బిగించినప్పుడు ఆ మడతకి ఆని డబ్బాకి మూత అవుతుంది. పిక్‌గార్డ్ ప్లాస్టిక్‌ది, దాని అడుగున పికప్ గుంటల వైపు టేపు వేసి, అదీ మడతకి ఆనేలా చూసుకో.

మూడు గుంటలకీ మధ్య కనెక్షన్ ఉండాలి. ఒక్కో పికప్ గుంటలో చిన్న రింగు లగ్ పెట్టి స్క్రూతో రాగికి బిగించి, దాని వైరుని వైర్లు వెళ్లే చిల్లులోంచి కంట్రోల్ గుంటలోకి లాగి, అన్ని ఎర్త్ వైర్లూ కలిసే పాట్ వీపు మీద సోల్డర్ చెయ్యి. 25 వాట్ల ఐరన్ ఇక్కడ చాలదు. పాట్ వీపు వేడిని గుంజేసుకుంటుంది, సోల్డర్ ఉండలా కూర్చుని నాలుగు రోజులకే ఊడుతుంది. ముందు గరుకు కాగితంతో గీరి, పెద్ద మొన ఉన్న ఐరన్‌తో మూడు నాలుగు సెకన్లలో పని ముగించు. ఎక్కువసేపు పెడితే పాట్ లోపలి కార్బన్ ట్రాక్ మాడుతుంది.

గిటార్ లోపల ఎర్త్ రెండు దారుల్లో కలిస్తే గ్రౌండ్ లూప్ అవుతుందని ఎవరైనా భయపెడితే పట్టించుకోకు. స్టేజీ నుంచి మిక్సర్ దాకా ఉన్న చుట్టుకీ అరచెయ్యంత చుట్టుకీ పోలిక లేదు. జాగ్రత్త పడాల్సింది ఇంకో చుట్టు విషయంలో. పికప్ పక్కలకి కూడా టేపు చుట్టాలనిపిస్తే, చుట్టు పూర్తిగా కలవనివ్వకు, రెండు కొనల మధ్య చిన్న ఖాళీ వదులు. పూర్తిగా కలిస్తే అది పికప్ చుట్టూ షార్ట్ అయిన ఒక చుట్టలా పనిచేసి శబ్దంలోని మెరుపుని కొంత తినేస్తుంది.

మూత వేసేముందు మీటరు తియ్యి. రాగి మీద ఏ మూల పెట్టినా జాక్ ఇనుముకి ఒక ఓమ్ లోపు చూపించాలి. తర్వాత జాక్‌లోకి కేబుల్ పెట్టి, అవతలి కొనలో మొనకీ బయటి ఇనుముకీ మధ్య కొలువు, వాల్యూమ్‌లు పూర్తిగా తెరిచి. ఒక్కో పికప్ మామూలుగా 7, 8 కిలోఓమ్‌లు ఉంటుంది. రెండూ తెరిచి ఉంటే దాదాపు సగం చూపిస్తుంది. సున్నా చూపిస్తే ఎక్కడో లోపలి వైరు రాగికి తగిలింది. నూటికి తొంభైసార్లు అది జాక్‌లో మొనకి ఆనే పట్టీయే, కేబుల్ దూర్చినప్పుడు అది బయటికి వంగి గోడ టేపుకి తగులుతుంది. ఆ గోడ మీద, పాట్ కాళ్లకి ఎదురుగా ఇన్సులేషన్ టేపు ఒక పట్టీ వేస్తే సరిపోతుంది. కేబుల్ దూర్చి కొలవమన్నది అందుకే, ఉత్త జాక్ కొలిస్తే ఈ తప్పు బయటపడదు.

ఇంత చేశాక ఏం వినిపిస్తుందో ముందే చెప్తాను, నిరాశ పడకుండా. దోమల గుంపు శబ్దం చాలావరకు పోతుంది. తీగ మీంచి చెయ్యి తీసినప్పటి తేడా బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు, పికప్ పైభాగం ప్లాస్టిక్ మూతే కాబట్టి డబ్బాకి అటు కిటికీ ఉన్నట్టే. లావుపాటి ఊమ్ మాత్రం, ఒక్క పికప్‌తో వాయిస్తే అలాగే ఉంటుంది. దానికి మందులు వేరు. రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉంచి టోన్‌తో సర్దుకోవడం అలవాటు చేసుకో. యాంప్‌కి ఆనుకుని నిలబడకు. ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం దూరంతో చాలా వేగంగా పడిపోతుంది, దూరం రెట్టింపు చేస్తే దాదాపు ఎనిమిదో వంతుకి వస్తుంది. దీనికి రెండు అడుగులు వెనక్కి జరగడం టేపు కంటే ఎక్కువ పని చేస్తుంది. అయినా చాలకపోతే ఒకే మూతలో రెండు కాయిల్స్ ఉండే నాయిస్‌లెస్ పికప్‌లు వస్తాయి. ప్రెసిషన్ బేస్‌కి 1957 నుంచీ ఉన్న రెండు ముక్కల పికప్ నిశ్శబ్దంగా ఉండేది ఆ కిటుకుతోనే. అవి ఖరీదు, ఇప్పుడే వద్దు.

చర్చి హాలు సంగతి కూడా ఒక రోజు చూసుకో. వారం మధ్యలో ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లి, బేస్ తెరిచి పెట్టి, ఫ్యాన్లూ లైట్లూ ఒక్కొక్క స్విచ్చే ఆపిస్తూ విను. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లూ, చవక ఎల్‌ఈడీ లైట్లూ పెద్ద దొంగలు. టక్ టక్‌మని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ వేస్తే ఆ గోల ఉండదు. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు రొద ఇంకా గరుగ్గా మారితే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. అలాగే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు భూమిలో కలిసే గొయ్యి) చూపించు. ఇసక నేలల్లో ఎండాకాలం పిట్ ఎండిపోయి, బోర్డులో మూడో కన్నం ఉన్నా అది పేరుకే ఎర్త్ అవుతుంది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు మించి ఉంటే పిట్‌లో నీళ్లు పోయించి మళ్లీ కొలవమను. అప్పుడూ తగ్గకపోతే బొగ్గు, ఉప్పు మార్చాలో, లేక న్యూట్రల్‌లోనే లోపం ఉందో ఆయనే చూసి చెప్తాడు. ఈ కొలత నువ్వు చెయ్యకు, ఆయన్నే చెయ్యనివ్వు.

ఇవన్నీ ఈ ఆదివారానికి పూర్తి కావు. ప్లగ్ మార్పించి, డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కి, యాంప్‌కి ఒక గజం దూరంలో, నువ్వు గుండ్రంగా తిరిగి కనిపెట్టిన ఆ నిశ్శబ్దపు దిక్కుకి తిరిగి నిలబడు. పాట అయిపోయి పాస్టర్‌గారు కళ్లు మూసుకోగానే కుడిచేత్తో రెండు వాల్యూమ్‌లూ సున్నాకి తిప్పు, ఆమెన్ అన్నాక తెరువు. ట్యూనర్ పెడల్ ఉంటే కాలితో మ్యూట్ నొక్కితే చాలు. టేపు వేశాక నీ మీటరు ఏమేం చూపించిందో అంకెలతో సహా రాసి పంపు, తేడా ఉంటే చూసి చెప్తాను.